రోలుకు సున్నం

శనివారంలోగా మా నాన్న విల్‌ఫ్రెడ్ చేయవలసిన పనులు:

వీధిలో ఎవరూ ఏదీ కదపకుండా చూడటం.

గోవిందరావు మావయ్య దుకాణం బోర్డును దుమ్ముతో సహా అలాగే ఉంచమనడం.

మేకలను కట్టేయనివ్వకపోవడం.

కొత్త బట్టలు ఎవరూ తీయకుండా చెప్పడం.

అమ్మ చేత పూరీలు చేయించకపోవడం. ఎలాగూ చేస్తుంది, కనీసం పెళ్లికి చేసినట్టు చేయకుండా ఆపడం.

ఇవన్నీ అయ్యాక, నాన్న కూడా ఏమీ చేయకుండా కుర్చీలో కూర్చోవడం.

ఈ జాబితాను కోల్‌కతా శివారులోని నా అద్దెగది నుంచి ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ అనే రైల్వే గేటు దగ్గరున్న మా ఇంటికి ఫోనులో పంపాను. నాన్న వెంటనే బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాడు. నేను నిశ్చింతగా పడుకున్నాను. నలభై ఏళ్లు వర్క్‌షాపులో పనిచేసిన మనిషికి ఏమీ చేయకపోవడం అనే పని అప్పగిస్తే ఏమవుతుందో ఆలోచించలేదు.

"గ్లోబల్ స్టడీస్ చెప్పే ప్రొఫెసర్ ఎలా అయ్యారు సార్?" అని ఇప్పుడు మా విద్యార్థులు అడుగుతుంటారు. నేను ఏ సముద్రాలో దాటి ఉంటానని వాళ్ల ఆశ. నేను దాటిన అతి పెద్ద నీరు రూపనారాయణ నది. అది కూడా లోకల్ ట్రైనులో, సీటు దొరక్క నిలబడి.

ఉన్న విషయం ఇది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, తాత కూడా అక్కడే. నన్ను కూడా అక్కడే చూడాలనుకున్నారు. పరీక్ష రాశాను, రాలేదు. హిస్టరీ చదివాను, వచ్చింది. అలా చదువుతూ పోతే పీహెచ్‌డీ దాకా వెళ్లింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో గెస్టు లెక్చరర్‌గా చేరాను. నేను చేరిన మూడో ఏటికి హిస్టరీ తీసుకునే పిల్లలు పలచబడ్డారు, నా క్లాసులు కూడా పలచబడ్డాయి. సరిగ్గా అప్పుడే గ్లోబల్ స్టడీస్ అని కొత్త విభాగం తెరిచారు. దానికి హెడ్ భాదురీ మేడమ్. ఆవిడ స్టాఫ్ రూములోకి వచ్చి, "ఇందులో ఎవరికైనా ఆసక్తి ఉందా?" అని అడిగారు. నేను చెయ్యెత్తాను. ఆసక్తి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు చెయ్యి ఎత్తాలి అనుకున్నాను.

చేతులు రెండు లేచాయి. రెండోది లండన్‌లో చదివి వచ్చినాయనది. పోస్టు మాత్రం ఒకటే, అది పర్మనెంటు. మేడమ్ ఒక పరీక్ష పెట్టారు. ప్రపంచం ఒక చిన్న చోటికి వచ్చి ఎలా చేరుతుందో ఆ చోటులోనే నిలబడి పాఠం చెప్పాలి, ఆవిడా విద్యార్థులూ వచ్చి వింటారు. లండన్ ఆయన కోల్‌కతా రేవు అన్నాడు. నాకు తెలిసిన చోటు ఒకటే. మా వీధి అన్నాను.

నా ప్రతిపాదనలో బాగా రాశాను, ఆ మాట చెప్పుకోవాలి. శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ల మనవలు, తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన కుటుంబాలు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా క్రైస్తవులు ఒకే కుళాయి దగ్గర బిందెలు పెడతారని, అక్కడ నాలుగు భాషల్లో పోట్లాట వినిపిస్తుందని, దుకాణం బోర్డు మీద ఒక్కో భాషలో ఒక్కో ధర ఉంటుందని రాశాను. మేడమ్‌కు నచ్చింది. ఈ పోస్టు రాకపోతే వేసవితో నా గెస్టు క్లాసులు కూడా అయిపోతాయి. మళ్లీ మా వరండాలో కూర్చుని పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవాలి. అది తప్పు పని కాదు. కానీ పీహెచ్‌డీ చేసిన కొడుకు వరండాలో కూర్చుంటే నాన్న గేటు దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి వచ్చేస్తాడు. అది నేను ఒకసారి చూశాను.

జాబితా పంపిన మర్నాడు నాన్న ఫోను చేశాడు.

"ఎవలొత్తన్నార్రా ఆ రోజు?"

"మా హెడ్ నాన్నా. భాదురీ మేడమ్. ఇంకా ఓ డజను మంది పిల్లలు."

"హెడ్డంటే ఏ లెవిలు? జీయమ్మా, డీఆరెమ్మా?"

"అలాంటి రైల్వే ఆఫీసర్లు మా దగ్గర ఉండరు నాన్నా. టీచరు."

"నీ పోస్టు మీద సంతకం ఆవిడిదే గదా?"

"ఆవిడదే."

"మరింకేటి. ఆఫీసరే."

"నాన్నా, ఆవిడ వీధిని ఉన్నది ఉన్నట్టు చూడాలి. దయచేసి ఏమీ చేయకండి."

"ఒత్తారు, సూత్తారు, సూసి పోస్టిత్తారు. దాన్నేటంటార్రా?"

నేను జవాబు చెప్పేలోపు ఆయనే చెప్పాడు. "ఇన్స్పెక్షన్."

ఇక్కడ మా నాన్న గురించి ఒక ముక్క చెప్పాలి. రైల్వే ఊళ్లలో పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే సున్నం డబ్బాలు బయటికి వస్తాయి. మా నాన్నకు ఆ పనిలో మంచి చెయ్యి. ఆయనకు మూడు సూత్రాలున్నాయి. ఇవి ఎవరూ పెట్టిన నియమాలు కావు, ఆయన సొంతం. ఒకటి, కదిలేది ఏదీ కనపడకూడదు. రెండు, కదలనిదానికి సున్నం పడాలి. మూడోదే ఆయనకు అన్నిటికంటే ఇష్టమైనది. ఒక చిన్న లోటును కావాలనే వదలాలి. ఆఫీసరు ఏదో ఒకటి పట్టుకుంటే గాని తృప్తి పడడు, పట్టుకోవడానికి చిన్నది దొరక్కపోతే పెద్దదాని కోసం వెతుకుతాడు. అందుకని సుళువుగా దొరికే లోటు ఒకటి దారిలో పెట్టాలి. ఆఫీసరు దాన్ని చూసి కళ్లెర్రజేస్తాడు, మనం తల వంచుతాం, అందరూ టీ తాగుతారు.

రిటైరయ్యాక ఆయనకు ఒక్క ఇన్స్పెక్షన్ కూడా దొరకలేదు. నేను పంపినది ఆయనకు మొదటిది.

శనివారం పొద్దున హౌరా లోకల్ దిగి, స్టేషన్ బయట బ్యాటరీతో నడిచే టోటోలు మాట్లాడుకుని పూరీ గేట్ వైపు బయలుదేరాం. దారి పొడవునా నేను మేడమ్‌కు చెబుతూనే ఉన్నాను. "మలుపు తిరగ్గానే శబ్దం వినిపిస్తుంది మేడమ్. ముందు ఇడ్లీ బండి. దాని పక్కన మేకలు. తర్వాత ఆ బోర్డు."

మలుపు తిరిగాం. శబ్దం లేదు. ఇడ్లీ బండి లేదు, మేకలు లేవు. వీధి పొడవునా ఇటుకలు వరసగా పాతి ఒకదానికి సున్నం, ఒకదానికి జాజు పూశారు. చెట్లకు నడుం దాకా సున్నం. కరెంటు స్తంభానికి సున్నం. ఆగిపోయి ఏళ్లయిన ఒక స్కూటరు మా గోడ పక్కన ఉండేది, దానికీ సున్నం. గోవిందరావు మావయ్య బోర్డు మీద కొత్త ఫ్లెక్సీ బిగించి ఉంది. దాని మీద గులాబీల మధ్య ఇంగ్లీషులో స్వాగతం, కింద నా పాస్‌పోర్టు ఫొటో.

ఇరువైపులా జనం ఇస్త్రీ బట్టల్లో నిలబడి ఉన్నారు. ముందు మా నాన్న. పాత యూనిఫారం వేసుకున్నాడు. పొట్ట దగ్గర గుండీ పట్టకపోతే పిన్నీసు పెట్టాడు. మా అమ్మ అన్నమ్మ బంతిపూల గుత్తి పట్టుకుని మేడమ్ ముందుకొచ్చి గుడ్ మార్నింగ్ చెప్పింది. వెనక వరండాలో గుడ్డ కప్పిన గిన్నెలు కనిపించాయి. పెళ్లికి చేసినట్టే చేసింది.

నేను నాన్నను పక్కకు లాగాను. "ఏమిటి నాన్నా ఇది? బండేది? మేకలేవి?"

"మేకలు ఖరిదాలో మీ మేనత్తింటికాడున్నాయి. నర్సమ్మ ఇడ్లీ బండి ఇందా పేటకి తోలించినాను. సాయంత్రానికి ఒచ్చేత్తాది."

"నేను ఏమీ చేయొద్దని రాశాను కదా!"

"రాసినావు. పెద్దాఫీసర్లందరూ అలాగే రాత్తార్రా, నా కోసం ఏటీ సెయ్యకండని. మర్యాద గదా."

ఇక పాఠం మొదలుపెట్టాలి. రాసుకొచ్చిన కాగితాలు తీశాను. "ఇక్కడ మీరు చూస్తున్నది," అని మొదలుపెట్టి, చూపించడానికి ఏమీ లేక, "ఇక్కడ మామూలుగా ఒక ఇడ్లీ బండి ఉంటుంది," అన్నాను. పిల్లలు ఖాళీ చోటును చూసి రాసుకున్నారు. "అక్కడ మామూలుగా ఒక బోర్డు కనిపిస్తుంది." రాసుకున్నారు. "ఈ కుళాయి దగ్గర మామూలుగా గట్టిగా మాట్లాడుకుంటారు." కుళాయి దగ్గర నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లు చేతులు కట్టుకుని మౌనంగా చూశారు. కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, ఇది అదృశ్యం మీద పాఠమా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

మేడమ్ స్వయంగా జనంతో మాట్లాడాలని చూశారు. గోవిందరావు మావయ్యను బెంగాలీలో, "మీ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు.

"ఆల్ ఓకే మేడమ్," అన్నాడు మావయ్య.

"కాదు, మీరు ఏ ఊరి వాళ్లు?"

మావయ్య మా నాన్న వైపు చూశాడు. నాన్న తల ఊపాడు. "నో కంప్లెయింట్ మేడమ్," అన్నాడు మావయ్య.

పక్కింటి నితాయ్ దా, అంటే నితాయ్ అన్నయ్య, బెంగాలీయే. కనీసం ఆయనైనా మాట్లాడతాడనుకున్నాను. ఆయన అటెన్షన్‌లో నిలబడి, "సబ్ ఠీక్ హై," అని హిందీలో చెప్పాడు. రిహార్సల్ బాగా చేయించినట్టున్నారు.

ఈ లోపు నాన్న కుళాయి దగ్గర తచ్చాడుతున్నాడు. ఆ కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. అదే ఆయన వదిలిన లోటు. మేడమ్ రెండుసార్లు దాని పక్క నుంచే వెళ్లారు, చూడలేదు. నాన్నకు చెమటలు పట్టాయి. ఆఖరికి ఉండలేక ఆవిడకు అడ్డంగా వెళ్లి, "మేడమ్, ఇధర్ మత్ దేఖియే," అన్నాడు. ఇటు చూడకండి అని. మేడమ్ మర్యాదస్తురాలు. చూడవద్దంటే నిజంగానే చూడలేదు.

ఆవిడ నన్ను పిలిచారు. గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"తీతు, మీరు రాసిన వీధి నాకు చాలా నచ్చింది."

"థాంక్యూ మేడమ్."

"అక్కడికి ఎప్పుడు తీసుకెళ్తారు?"

ఆవిడ వాచీ చూసుకుని, తర్వాతి లోకల్ ఎన్నింటికని ఎవరినో అడుగుతున్నారు. నా కాగితాలు చేతిలో తడిసిపోతున్నాయి. రేవులో ఓడలను ఎవరూ దాచలేరు కదా అనుకున్నాను. లండన్ ఆయన అదృష్టవంతుడు.

అప్పుడు వీధి చివర బండి చక్రాల చప్పుడు వినిపించింది. అప్పలనర్సమ్మ పిన్ని ఇడ్లీ బండి తోసుకుంటూ వస్తోంది. ఇందాలో బస్సులూ ఆటోల మధ్య బండి పెట్టడానికి జాగా ఇవ్వలేదట, ఇడ్లీలన్నీ అలాగే మిగిలిపోయాయట. ఆ చిరాకులో వచ్చి, తన గేటు దగ్గర బండి ఆపి, కిందికి చూసింది.

ఆమె గేటు పక్కన నేలలో సిమెంటుతో బిగించిన చిన్న రుబ్బురోలు ఒకటుంది. కదలదు. కాబట్టి నాన్న దానికి సున్నం వేశాడు. రోలుకు తెలుపు, పొత్రానికి ఎరుపు. అంచు చుట్టూ ఒక ఎర్ర గీత కూడా తిప్పాడు. చూడటానికి చిన్న సైజు లెవెల్ క్రాసింగులా ఉంది.

"ఓలమ్మో!" అంది పిన్ని. "ఓలమ్మో నా రోలు!"

"నర్సమ్మా, ఓ గంటాగు," అన్నాడు నాన్న పళ్ల మధ్య నుంచి. "ఆఫీసరున్నారు."

"ఎవలేసినారు దీనికి సున్నం? నువ్వేనా బావా?"

"కదలందానికి ఎయ్యాల గదే."

"అయితే నీ బుర్రకెయ్యనేకపోయినావా? అదీ కదల్దు గదా!"

ఇస్త్రీ బట్టల వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న హడావిడిగా మేడమ్ దగ్గరికి వెళ్లాడు. "మేడమ్, యే హమారా డిఫెక్ట్ నహీ హై. హమారా డిఫెక్ట్ ఉధర్ హై, నల్ మే." ఇది మేం పెట్టిన లోటు కాదు, మా లోటు అటు కుళాయిలో ఉంది అని ఆయన గోడు.

పిన్నికి హిందీ బాగా తెలుసు. "ఏటీ! మా అత్త రోలు డిఫెక్టా?" అంటూ బండి వదిలేసి నడుం మీద చేతులు పెట్టింది. అక్కడి నుంచి ఆమె మాట్లాడింది నేను ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఊపిరి తీసుకోవడానికి ఆగలేదు.

మేడమ్ వాచీ వదిలేసి నా పక్కకు వచ్చారు. "ఏమంటున్నారు ఆవిడ?"

"రంగు ఆవిడకు నచ్చలేదు మేడమ్."

"అన్ని మాటలకూ అర్థం అంతేనా?"

కళ్లజోడు అమ్మాయి కూడా వచ్చింది. "సార్, ఒక రాయికి రంగు వేస్తే అంత కోపం ఎందుకు?"

నా చేతిలో కాగితాలున్నాయి. వాటిలో శ్రామికుల వలస గురించి మంచి పేరా ఉంది. దాన్ని చదవడానికి నోరు తెరిచాను. పిన్ని ముఖం చూశాను, మూసేశాను. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నన్ను కాదు, ఆవిడనే అడుగు," అన్నాను. "మాటలు నేను చేరవేస్తాను."

ఆ అమ్మాయి అడిగింది. పిన్ని ఆమెను పైకీ కిందికీ చూసింది. కోపం తగ్గలేదు గాని, వినేవాళ్లు దొరికారన్న సంగతి అర్థమైంది.

"సెప్పు ఆ గుంటకి. ఇది మా అత్తది. పలాస కాణ్నుంచి రైల్లో తెచ్చినాది. బెంగాలంతా బురదే, రాయన్నది దొరకదని ఎవలో సెప్పినారట. కొత్తగా పెళ్లయినాది. లగేజీకి డబ్బులడుగుతారని రోలు ఒళ్లో పెట్టుకుని సీర కప్పీసినాది. టీసీ ఒచ్చి సూసి, పాపం నెలలు నిండినాయనుకుని, పక్కోణ్ని లేపి ఇంకాస్త జాగా ఇప్పించినాడు."

నేను బెంగాలీలోకి మార్చి చెప్పాను. పిల్లలు పగలబడి నవ్వారు.

"అబద్ధం!" అన్నాడు గోవిందరావు మావయ్య. అంతవరకు ఆల్ ఓకే అన్న మనిషి వరస విడిచి ముందుకొచ్చాడు. "ఆ బరువు ఒళ్లో పెట్టుకుంటే తొడలుంటాయేటే? మా తాత గూడ్సు గార్డుతో మాటాడి బ్రేక్ వాన్లో ఏయించినాడు. మా ఇంట్లో అందరికీ తెలుసు."

"మీ తాత తన పెట్టి తనే రైల్లో మరిసిపోయినాడు, మా అత్త రోలు తెచ్చినాడా?"

"ఎవరు తెస్తే ఏంటి, వాడుకున్నది మేమంతా," అన్నాడు నితాయ్ దా బెంగాలీలో. ఆయన కూడా అటెన్షన్ సడలించాడు. తూర్పు బెంగాల్లోని బరిసాల్ నుంచి వచ్చేటప్పుడు వాళ్లమ్మ నూరుకునే రాయి అక్కడే వదిలేసి వచ్చిందట. చేపల కూరకు ఆవాలు నూరడానికి రాయి లేక దిగులుగా కూర్చుంటే, పిన్ని అత్త పిలిచి ఈ రోలు చూపించిందట. ఉత్తినే కాదు, నూరినంతసేపు తిడుతూ నిలబడిందట. "మా అమ్మకు తెలుగులో వచ్చినవి ఆ తిట్లే. చివరిదాకా మమ్మల్ని పొద్దున్నే వాటితోనే లేపేది," అన్నాడు. ఒకటి చెప్పి వినిపించాడు కూడా. యాస చక్కగా కుదిరింది. దాన్ని మాత్రం నేను మేడమ్‌కు అనువదించలేదు.

మా అమ్మ పూలగుత్తి కింద పెట్టేసింది. "క్రిస్మస్‌కి గులాబీ పువ్వుల పిండి మా అత్త ఇక్కడే రుబ్బేది. మొదటి ప్లేటు ఈ రోలు ముసల్దానికి పెట్టకపోతే మరుసటేడు ఇవ్వనని బెదిరించేది."

"ముసల్దంటావేటి అక్కా!" అంది పిన్ని.

"నువ్వంటే లేదు గాని నేనంటే తప్పా?"

ఇంకా ఎవరో, ఇంకా ఏదో. ఒడియా మాట ఒకటి, హిందీ మాట ఒకటి. నేను అటూ ఇటూ తిరుగుతూ మాటలు అందిస్తున్నాను. పిల్లలు ఒకే చోట నిలబడటం మానేసి ఒక్కో మనిషి దగ్గరికి వెళ్లారు. వీధికి శబ్దం తిరిగొచ్చింది.

"సరే," అంది పిన్ని గట్టిగా. "సెప్పుకోడం అయింది. ఈ సున్నం ఎవలు తీత్తారు?"

అందరూ నాన్న వైపు చూశారు. నాన్న తల వంచుకుని వెళ్లి కొబ్బరి పీచు, బకెట్టు తెచ్చాడు. యూనిఫారంతో నేల మీద కూర్చున్నాడు. పిన్నీసు ఊడిపోయింది. ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. మరు నిమిషం మాకు ఎదురుగా మరో మనిషి కూర్చుంది. చూస్తే భాదురీ మేడమ్. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, "నాకూ కాస్త పీచు ఇవ్వండి," అన్నారు.

నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఆఫీసరు సున్నం తుడవడం నా సర్వీసులో సూడనేదురా," అని నా చెవిలో అన్నాడు. "ఇది మంచికా, సెడ్డకా?"

"ముందు తోమండి నాన్నా," అన్నాను.

రోలు తోముతూనే నేను పాఠం చెప్పాను. పాఠమని అప్పుడు అనుకోలేదు. ఈ రోలులో ఏమేం నలిగాయో అడిగి చెప్పమన్నాను పిల్లల్ని. ఆవాలు, కొబ్బరి, గసగసాలు, మిరపకాయలు అని తలా ఒకటి పట్టుకొచ్చారు. మిరపకాయ మన దేశానిది కాదని, సముద్రాల అవతల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని నేను చెప్పాను. పిన్ని పీచు పక్కన పెట్టింది.

"మిరపకాయ మంది కాదా? మరి ఓడ ఒచ్చినవరకు మనోళ్లు ఏటేసుకు తిన్నారు?"

"మిరియాలు పిన్నీ."

"సట్నీలోనా?" ఆమె ముఖంలో నిజమైన జాలి కనిపించింది. "పాపం."

పొత్రం ఎరుపు వదలడానికి చాలా సేపు పట్టింది. కడిగి, ఆరబెట్టి, పసుపు రాసి, పిన్ని గుప్పెడు పచ్చిమిరపకాయలూ కొబ్బరీ వేసి రుబ్బింది. ఆ మొదటి ముద్ద తీసి పారేసింది. రెండోసారి రుబ్బింది వాసన చూసి, సరే అంది. ఇందాలో అమ్ముడుపోని ఇడ్లీలు, అమ్మ పూరీలు, ఆ చట్నీ. జనం ఇస్త్రీ బట్టలతోనే ఇటుకల మీద కూర్చున్నారు. అందరికీ వెనక సున్నం అంటింది.

నాన్న పిన్నికి చేతులు జోడించాడు. "తప్పయిపోనాది నర్సమ్మా."

"నీ తప్పు నాకెందుకు బావా, ఏం సేసుకుంటాను?" అని ఆమె నా వైపు తిరిగింది. "ఒరే తీతూ. నువ్వు కాలేజీలో ఎవలెవలియో పేర్లు సెప్తావు గదా. రాజులియీ, దొరలియీ."

"చెప్తాను పిన్నీ."

"ఈ రోలు గురించీ సెప్తావు, నాకు తెలుసు. ఇందాకణ్నుంచి నీ మొకం అలాగే ఉన్నాది. రాయి గురించి సెప్పి ఊరుకుంటావు. అలా కుదర్దు. మా అత్త పేరు సెప్పాల. ఫోటో కూడా నేదు దానికి. బొగ్గు మోసి మోసి పోనాది. పేరు సెప్తానంటేనే ఈ సంగతి ఒగ్గేత్తాను. నేదంటే ఇప్పుడే మీ నాన్న బుర్రకి సున్నమేత్తాను."

మేడమ్ నా వైపు చూశారు. ఈసారి మొత్తం అనువదించాను.

"చెప్తారా?" అని అడిగారు మేడమ్.

"నాకు క్లాసంటూ ఉంటే చెప్తాను మేడమ్."

ఆవిడ మరో పూరీ అడిగారు.

స్టేషన్ ప్లాట్‌ఫారం మీద లోకల్ కోసం నిలబడ్డప్పుడు ఆవిడే మాట్లాడారు. "మీరు రాసుకొచ్చిన పాఠం బాగా లేదు."

"అవును మేడమ్."

"జేబులో పెట్టేశాక బాగుంది. వచ్చే ఏడాది పిల్లలను కూడా ఇక్కడికే తీసుకురండి."

వచ్చే ఏడాది అన్న మాట నాకు అర్థం కావడానికి ట్రైను రూపనారాయణ వంతెన దాటాల్సి వచ్చింది. రేవు క్లాసు కూడా అయ్యాకే నియామకపు ఉత్తర్వు నా చేతికొచ్చింది. లండన్ ఆయన మంచివాడు. ఆయనకు మరో యూనివర్సిటీలో ఇంతకంటే పెద్ద ఉద్యోగం దొరికింది.

ఫోనులో చెప్పగానే నాన్న గొంతు సవరించుకుని, "సూసినావా? ఓ లోటు ఒగ్గాలని నానెప్పుడూ సెప్తాను," అన్నాడు. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి అందరితో ఇదే మాట చెబుతున్నాడట. రోలుకు సున్నం వేయడం మొదటి నుంచీ తన ప్లానేనట. పిన్ని వినేంత దూరంలో మాత్రం చెప్పడు.

జూలైలో మొదటి క్లాసు. కొత్త పిల్లలు. గ్లోబల్ స్టడీస్ అంటే ఏమిటో చెప్పమన్నట్టు నా వైపు చూశారు. నేను బోర్డు మీద ఒక పేరు రాశాను. ఆమె ఏ పుస్తకంలో ఉందని ఒకబ్బాయి అడిగాడు. ఎందులోనూ లేదన్నాను. రాసుకోవాలా అని అడిగాడు. రాసుకోమన్నాను.

పిన్నికి ఇచ్చిన మాట క్లాసు గదితో తీరిపోతుందని నేను అనుకోవడం లేదు. మీరు ఇంతదూరం చదివారు కాబట్టి మిమ్మల్నీ అడుగుతున్నాను. ఆమె పేరు కోరాడ పైడమ్మ. బెంగాల్లో రాళ్లు ఉండవని నమ్మి, పలాస నుంచి రోలును ఒళ్లో పెట్టుకుని వచ్చింది. లోకో షెడ్డులో బొగ్గు మోసింది. తన రోలు అడిగినవాళ్లెవరికీ లేదనలేదు, తిట్టకుండానూ ఇవ్వలేదు. ఆమెను గుర్తుపెట్టుకోండి.